తైవానీస్‌లో పొట్టి టోన్లు, వాటి రోమన్ స్పెల్లింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

తైవాన్‌కి చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మనవాళ్ళు ముందు నేర్చుకునేది మాండరిన్. సంతలో కూరలమ్మే అవ్వ, ఇంటి ఓనరు వాళ్ళ నాన్న మాత్రం తమలో తాము మాట్లాడుకునేది చాలాచోట్ల తైవానీస్. చైనాలోని దక్షిణ ఫూజియన్ నుంచి వలస వచ్చినవాళ్ళు వందల ఏళ్ళ కిందట తెచ్చుకున్న భాష అది. తైవాన్‌లోని షిన్చూ ఊళ్ళో ఉన్న రోజుల్లో నేనూ కొంత నేర్చుకున్నాను. టోన్లలో, అంటే మాట అర్థాన్నే మార్చేసే స్వరం ఎత్తుపల్లాల్లో, నన్ను ఎక్కువ ఏడిపించినవి ఈ పొట్టివే. తర్వాత నేర్చుకోవడం మొదలుపెట్టిన మిత్రులు అడిగినవీ, అప్పట్లో నాకు ఎవరైనా చెబితే బాగుండుననిపించినవీ ఇక్కడ రాస్తున్నాను.

ఒక చిన్న ఏర్పాటు. రోమన్ అక్షరాలను పి, టి, కె, హెచ్ అని పేర్లతోనే చెబుతాను. మాట ఎలా పలుకుతుందో తెలుగులో రాసి, చివర పైన చిన్న అంకె వేస్తాను. కుత్⁴ అంటే నాలుగో టోన్, కుత్⁸ అంటే ఎనిమిదో టోన్.

అసలు పొట్టి టోన్ అంటే ఏమిటి?

మాట పి, టి, కె, హెచ్‌లలో ఒకదానితో ముగిసి, గొంతు అక్కడే టక్కున ఆగిపోతే అది పొట్టి టోన్. లాగడానికి వీల్లేదు. మిగతా టోన్లలో అచ్చును సాగదీసి పైకో కిందికో తిప్పొచ్చు, ఇక్కడ ఆ చోటే ఉండదు. అందుకే ఇందులో రెండే రకాలు: ఎత్తులో పలికి ఆపేది ఎనిమిదో టోన్, కాస్త కిందుగా దిగుతూ ఆపేది నాలుగో టోన్.

ఇవి అరుదుగా తగిలేవి కావు. ఒకటి నుంచి పది వరకు లెక్కపెడితే సగం ఇవే: ఒకటి చిత్⁸, ఆరు లక్⁸, ఏడు ఛిత్⁴, ఎనిమిది పెహ్⁴, పది చప్⁸. నాలుగు రకాల ముగింపులూ ఈ అయిదు అంకెల్లోనే ఉన్నాయి. నన్నడిగితే పాఠం ఇక్కడే మొదలుపెట్టాలి. ఈ అయిదూ నోటికి పట్టాయంటే మిగతాది అలవాటు.

చివర వచ్చే ప్, త్, క్ ఎలా పలకాలి? నేనంటే అందరూ నవ్వుతున్నారు.

నవ్వుతారు, ఎందుకంటే మనం చివర ఒక 'ఉ' తగిలిస్తాం. తెలుగు మాట అచ్చుతో ముగియాలి, అది మన నోటి స్వభావం. బస్ బస్సు అయింది, బుక్ బుక్కు అయింది. అదే అలవాటుతో చప్⁸ కాస్తా 'చప్పు' అవుతుంది. నేను పండ్ల దుకాణంలో మొదటిసారి పది అన్నప్పుడు అమ్మే ఆవిడ రెండుసార్లు అడిగి, చివరికి వేళ్ళు చూపించమంది.

మందు కూడా తెలుగులోనే ఉంది. మన ద్విత్వాక్షరాలను గమనించండి. 'చప్పట్లు' అనేటప్పుడు మొదటి ప్ దగ్గర పెదాలు మూతపడి, ఒక్క క్షణం ఆగి, తర్వాత తెరుచుకుంటాయి. ఆ మూతపడ్డ క్షణంలోనే ఆగిపోండి, పెదాలు తెరవకండి. అదే పది. 'చిత్తు' మొదలుపెట్టి నాలుక పళ్ళ వెనక ఆనగానే ఆపేస్తే ఒకటి. 'లక్క'లో సగం దగ్గర ఆపితే ఆరు. 'కుత్తుక' అనబోయి మొదటి త్ దగ్గర ఆగితే కుత్, కిందుగా పలికితే ఎముక, ఎత్తులో పలికితే జారుడుగా ఉండడం. ఇంగ్లిష్ పుస్తకాలు దీన్ని వివరించడానికి పేజీలు ఖర్చుపెడతాయి. తెలుగువాళ్ళకు ద్విత్వంలో ముందు సగం చాలు.

ఇంకో మాట. రోమన్‌లో టి కనబడగానే మనం 'ట' అనేస్తాం. తైవానీస్ టి మన త్‌కే దగ్గర. కుట్ కాదు, కుత్.

మరి హెచ్? అది విసర్గ లాంటిదా?

కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. విసర్గలో ఊపిరి బయటికొస్తుంది. ఈ హెచ్‌లో ఊపిరి ఆగిపోతుంది. బరువైన బస్తా ఎత్తబోయే ముందు గొంతులో ఊపిరి బిగబడతాం చూడండి, ఆ బిగింపే ఇది. పెహ్⁴ అన్నప్పుడు చివర 'హ' వినబడితే తప్పు పలికినట్టే. 'పె' అని గొంతు మూసేస్తే సరి.

గందరగోళానికి కారణం స్పెల్లింగ్. ఒకే హెచ్ మూడు పనులు చేస్తుంది. మాట మొదట్లో ఉంటే మన 'హ'. పి, టి, కె ల వెంట వస్తే ఒత్తు: ఫ, థ, ఖ. మాట చివర ఉంటే ఈ గొంతు బిగింపు. చోటును బట్టి పని మారుతుందని ఒకసారి తెలిస్తే తర్వాత ఇబ్బంది ఉండదు.

స్పెల్లింగ్‌లో నాలుగో టోన్‌కి గుర్తే లేదు, ఎనిమిదికి మాత్రం నిలువు గీత. ఎందుకలా?

అవసరం లేక. మాట చివర పి, టి, కె, హెచ్ ఉంటే అది నాలుగో ఎనిమిదో, మరొకటి కాదు. రెండింటినీ విడదీయడానికి ఒక్క గుర్తు సరిపోతుంది. అచ్చు నెత్తిన చిన్న నిలువు గీత ఉంటే ఎనిమిది, లేకపోతే నాలుగు.

మొదటి టోన్‌కీ గుర్తు లేదు కదా అని అడుగుతారు. నిజమే, ఒకటీ నాలుగూ రెండూ ఖాళీయే. కానీ కలవవు, ఎందుకంటే ఒకటో టోన్ మాట ఎప్పుడూ ఆ నాలుగు అక్షరాలతో ముగియదు. కున్ అని ఎన్‌తో ముగిస్తే ఒకటి, కుత్ అని టితో ముగిస్తే నాలుగు. కాబట్టి చదివేటప్పుడు కళ్ళు ముందు చివరి అక్షరం మీదికి వెళ్ళాలి, గీత కోసం ఆ తర్వాత చూడాలి. కొత్తవాళ్ళు ముందు గుర్తులు వెతుకుతారు. గుర్తు లేదంటే టోన్ లేదనుకుని తేలిగ్గా చదివేస్తారు. చదవడంలో నాకు కనబడిన తప్పుల్లో సగం ఇదే.

రెండు టోన్లే అయినప్పుడు 4, 8 అనే అంకెలు ఎందుకు?

పాత చీనా లెక్క ప్రకారం టోన్లు నాలుగు. ఒక్కోదానికి పై వరస, కింది వరస ఉండేవి, అంటే ఎనిమిది. పై వరసలో నాలుగోది 4, కింది వరసలో నాలుగోది 8. ఆరోది తైవాన్‌లో చాలాచోట్ల విడిగా మిగల్లేదు, పాఠం చెప్పేటప్పుడు దాని చోట రెండోదాన్నే మళ్ళీ చదువుతారు.

గుర్తుపెట్టుకోవడానికి అక్కడ ఒక వరస చెబుతారు: చొక్కా, పొట్టి, లాగు, వెడల్పు, మనిషి, కురచ, ముక్కు, సూటి. ఎనిమిది మాటలు, ఎనిమిది టోన్లు. నాలుగోది వెడల్పు, ఖ్వహ్⁴. ఎనిమిదోది సూటిగా ఉండడం, తిత్⁸. ఎనిమిదో టోన్ గుర్తు కూడా సూటిగా నిలబడ్డ గీతే కావడం కాకతాళీయమే గానీ, నాకు మాత్రం అదే పట్టిచ్చింది.

గీత పెట్టకపోతే నిజంగా అర్థం మారిపోతుందా?

మారుతుంది. చ్యహ్⁸ అంటే తినడం, చ్యహ్⁴ అంటే 'అప్పుడు మాత్రమే, అప్పటికి గాని'. అహ్⁴ బాతు, అహ్⁸ పెట్టె. సిక్⁴ రంగు, సిక్⁸ పండడం. అన్నిటికంటే తమాషా ఈ లిపి పేరులోనే ఉంది. మిషనరీల కాలం నుంచి వస్తున్న రోమన్ లిపిని పెహ్-ఓయె-జీ అంటారు. అందులో మొదటిది పెహ్⁸, తెలుపు అని. (తెల్లమాట అంటే వాళ్ళకు వాడుక మాట. మొత్తం కలిపితే వాడుక మాటల లిపి.) గీత ఎగిరిపోతే పెహ్⁴ అవుతుంది, అంటే ఎనిమిది.

సందర్భం చూసి జనం అర్థం చేసుకుంటారు, కాదనను. మనం దీర్ఘాలు లేకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసుకోవట్లేదా. నేర్చుకునేవాడికి మాత్రం అది మంచి పద్ధతి కాదు, అవతలివాడికున్న సందర్భ జ్ఞానం మనకుండదు.

పెహ్-ఓయె-జీ, తై-లో అని రెండు పద్ధతులున్నాయి. పొట్టి టోన్లు రెంటిలో వేరుగా రాస్తారా?

టోన్ గుర్తు ఒకటే. నిలువు గీత, దాని చోటు, చివరి నాలుగు అక్షరాలు, ఏవీ మారవు. మారేది మిగతా స్పెల్లింగ్.

పెహ్-ఓయె-జీ పాతది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తయారుచేసింది. 1885లో థామస్ బార్క్లే అనే స్కాట్లండ్ మిషనరీ తైనాన్‌లో ఈ లిపిలో చర్చి వార్తాపత్రిక మొదలుపెట్టాడు. చీనా అక్షరాలు రాని మామూలు జనం, ముఖ్యంగా ఆడవాళ్ళు, కొద్ది వారాల్లో చదవడం నేర్చుకోవచ్చన్నది దాని వెనక ఆలోచన. తై-లో కొత్తది, 2006లో తైవాన్ విద్యా మంత్రిత్వ శాఖ ప్రకటించింది. బడి పుస్తకాలు, ప్రభుత్వ నిఘంటువు ఇందులోనే ఉంటాయి.

పొట్టి మాటల్లో ముఖ్యంగా కనబడే తేడాలు రెండు. మొదటిది, పాతదాంట్లో ఇ (e), కె అని ముగిసేవి కొత్తదాంట్లో ఐ (i), కె అని ముగుస్తాయి. షిన్చూని తైవానీస్‌లో సిన్-తిక్⁴ అంటారు, తిక్ అంటే వెదురు. తై-లోలో అందులో ఐ రాస్తారు, పెహ్-ఓయె-జీలో ఇ రాస్తారు. పలుకు ఒకటే.

రెండోది 'చ'. పాతదాంట్లో సి, హెచ్. కొత్తదాంట్లో టి, ఎస్. ఇక్కడ తెలుగువాడు కాస్త కాలరు ఎగరేయొచ్చు. మనకు చ రెండు రకాలు. 'చిలక'లో ఒకటి, 'చాప'లో ఇంకొకటి. మన ఇ, ఎ అచ్చుల ముందు తాలవ్యం, అ, ఉ, ఒ ల ముందు దంత్యం. తైవానీస్‌లోనూ దాదాపు అదే సూత్రం. చిత్⁸లో చిలక చ, చప్⁸లో చాప చ. స్పెల్లింగ్‌లో రెండింటికీ ఒకే గుర్తు, మన లిపిలోలాగే. వేరే భాషలవాళ్ళు కష్టపడి పట్టుకునే తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చేసింది.

ముక్కుతో పలికే పొట్టి మాటలు కొన్నున్నాయి, వాటిలో అక్షరాల వరస మారుతుంది. పాతదాంట్లో హెచ్ ముందు, చిన్న ఎన్ పైన తర్వాత. కొత్తదాంట్లో రెండు ఎన్‌లు ముందు, హెచ్ చివర. ఇలాంటివి కొద్దే.

రెండు మూడు అచ్చులుంటే గీత దేని మీద పెట్టాలి?

గట్టిగా వినబడే అచ్చు మీద. చ్యహ్⁸లో రోమన్ ఐ (i), ఎ (a) రెండూ ఉంటాయి, గీత ఎ మీద. చంద్రుడు గుయెహ్⁸, గీత ఇ (e) మీద. మామూలు టోన్లలో ఈ విషయంలో రెండు పద్ధతులకూ కొన్ని తగాదాలున్నాయి. పొట్టి మాటల్లో చివర హల్లు ఉండడం వల్ల దాదాపు ఎప్పుడూ ఒకే చోట పడుతుంది.

పుస్తకంలో ఎనిమిదో టోన్ అని ఉంది, మనిషేమో కిందుగా పలికాడు. ఎవరు తప్పు?

ఇద్దరూ ఒప్పే. తైవానీస్‌లో మాట పదబంధం చివర ఉంటేనే అసలు టోన్ పలుకుతుంది. దాని వెనక మరో మాట వస్తే టోన్ మారిపోతుంది. ప్రపంచంలో భాషాశాస్త్రవేత్తలు దీన్ని 'సంధి' అనే పిలుస్తారు, మన వ్యాకరణంలోని ఆ సంస్కృత మాటే. ఒక తేడా ఉంది. మనం సంధి జరిగితే రాతలోనూ మార్చేస్తాం, వాళ్ళు మార్చరు. రాతలో ఎప్పుడూ అసలు టోనే ఉంటుంది, మార్చుకోవడం నోటి బాధ్యత.

పి, టి, కె ముగింపులకు సూత్రం తేలిక. రెండూ తలకిందులవుతాయి. నాలుగు ఎత్తుకెక్కుతుంది, ఎనిమిది కిందికి దిగుతుంది. డెబ్భై ఛిత్⁴-చప్⁸. విడిగా కిందుగా ఉండే ఛిత్ ఇక్కడ ఎత్తులో పలుకుతుంది. అరవై లక్⁸-చప్⁸. మొదటిది కిందికి దిగుతుంది, రెండోది చివరన ఉంది కాబట్టి ఎత్తులోనే ఉంటుంది.

హెచ్ కథ వేరు. వెనక మాట వస్తే గొంతు బిగింపే కరిగిపోతుంది, మాట పొట్టిగా కూడా ఉండదు. నాలుగైతే రెండో టోన్ అవుతుంది, ఎత్తు నుంచి జారుతూ. ఎనిమిదైతే మూడో టోన్, అడుగున. ఎనభై పెహ్⁴-చప్⁸, పలికేటప్పుడు హెచ్ వినబడదు, 'పె' పైనుంచి జారుతుంది. తైవాన్‌లో పాతకాలం పలకరింపు కూడా మన 'తిన్నావా?' లాంటిదే: చ్యహ్⁸-పా బుయె, కడుపు నిండిందా అని. అందులో చ్యహ్ చివర హెచ్ మాయం, అడుగు స్వరంలో 'చ్య' అంటారు. హెచ్ వినబడక 'ఇందులో హెచ్ ఎక్కడుంది?' అని నేను చాలాకాలం నిఘంటువుతో పోట్లాడాను.

సాధన చేయాలంటే 66, 77 చెప్పుకోండి. లక్-చప్-లక్: కింద, కింద, పైన. ఛిత్-చప్-ఛిత్: పైన, కింద, కింద. స్నానం చేస్తూ చెప్పుకోవడానికి బాగుంటాయి.

ఎనిమిది కొన్నిసార్లు పెహ్, కొన్నిసార్లు పత్ అని వినబడుతోంది. ఏది సరి?

రెండూ. చాలా మాటలకు రెండు పలుకులున్నాయి, వాడుకది ఒకటి, చదువుల్లో వచ్చేది ఒకటి. మన ఆకాశం ఆకసం అయినట్టు. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు చదువుల పలుకు వాడతారు, కూరల లెక్కకు వాడుకది. ఎనిమిది పెహ్⁴, పత్⁴. తెలుపు పెహ్⁸, పిక్⁸. ఇనుము థిహ్⁴, థ్యత్⁴. చంద్రుడు గుయెహ్⁸, గ్వత్⁸. నేర్చుకోవడం ఒహ్⁸, హక్⁸.

ఈ జంటలను పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తుంది. వాడుక మాటలో హెచ్ ఉన్నచోట చదువుల మాటలో తరచు టి గానీ కె గానీ ఉంటుంది. అంటే ఈ హెచ్ చాలాచోట్ల అరిగిపోయిన పాత హల్లు. పాత చీనాలో ప్, త్, క్ గట్టిగానే ఉండేవి. మాండరిన్‌లో అవి పూర్తిగా పోయాయి. తైపేలో రెండో భాగం మాండరిన్‌లో 'పెయ్', తైవానీస్‌లో పక్⁴, ఉత్తరం అని.

జపాన్‌వాళ్ళు ఇవే మాటలను వెనకటికి అరువు తెచ్చుకున్నప్పుడు మన పనే చేశారు, చివర అచ్చు తగిలించారు. ఏడు వాళ్ళకు షిచి, ఎనిమిది హచి, ఆరు రొకు, చదువు గకు. తైవానీస్ హక్, జపనీస్ గకు: బుక్, బుక్కు! వీటన్నిటిలో నాకిష్టమైనది బుద్ధుడి పేరు. మన 'బుద్ధ' చీనాకు వెళ్ళి ఒక్క అక్షరమై, తైవానీస్‌లో హుత్⁸గా మిగిలింది. ఆ చివరి త్ మన ద్ధ నీడ. మాండరిన్‌లో అదీ లేదు, 'ఫొ' అంటారు.

నాకు కాంటనీస్ (హాంకాంగ్‌లో మాట్లాడే చీనా భాష) కొద్దిగా వచ్చు. పనికొస్తుందా?

ముగింపులకు బాగా పనికొస్తుంది, ప్, త్, క్ అందులోనూ ఉన్నాయి. ఎత్తుల విషయంలో మాత్రం జాగ్రత్త, చాలాచోట్ల తిరగబడి ఉంటుంది. కాంటనీస్‌లో ఆరు కిందుగా, ఏడు ఎత్తులో. తైవానీస్‌లో ఆరు ఎత్తులో, ఏడు కిందుగా.

నిలువు గీత నా కంప్యూటర్‌లో పక్కకు జరిగిపోతోంది, లేదా డబ్బాలా కనబడుతోంది.

తప్పు మీది కాదు. వాలు గీత, టోపీ, అడ్డగీత లాంటి గుర్తులున్న అచ్చులు యూనికోడ్‌లో ఒక్కొక్కటి తయారు అక్షరంగా ఉన్నాయి, యూరప్ భాషలకు కావాలి కాబట్టి. నిలువు గీత ఉన్న అచ్చుకు అలా తయారుది లేదు. అచ్చు ఒకటి, దాని నెత్తిన కూర్చునే గీత ఒకటి, రెండూ కలిసి ఏర్పడాలి. ఫాంటు చేసినవాళ్ళు దీన్ని పట్టించుకోకపోతే గీత జారిపోతుంది. తెలుగులో గుణింతం గుర్తు విడిపోయి చుక్కల వలయం మీద వేలాడడం చూసినవాళ్ళకు ఈ బాధ చెప్పక్కర్లేదు. ఈ గుర్తును సరిగ్గా చూపే ఫాంటు పెట్టుకోవడమే దారి.

కొందరు విసుగొచ్చి నిలువు గీత బదులు వాలు గీత పెడతారు. అది రెండో టోన్ గుర్తు. టితో ముగిసే మాట మీద వాలు గీత కనబడిందంటే సాధారణంగా ఎవరో సర్దుకున్నారని అర్థం. అంతకంటే మాట వెనక 8 అని అంకె వేయడం నయం, చాలా కీబోర్డు సాఫ్ట్‌వేర్లలో కొట్టేదీ అలాగే. రోమన్‌లో మాట కొట్టి 8 నొక్కితే గీత అదే వచ్చి కూర్చుంటుంది. నాలుగో టోన్‌కి అంకె అక్కర్లేదు.

మా ఆఫీసులో తైవాన్ కుర్రాళ్ళు ఈ తేడాలేవీ చూపించట్లేదు. నేనెందుకు కష్టపడాలి?

నిజమే. మాండరిన్‌లో పెరిగిన చాలామంది చిన్నవాళ్ళకు చివరి హల్లులు పలచబడ్డాయి, హెచ్ అయితే చాలాసార్లు వినబడదు. నాలుగూ ఎనిమిదీ కొందరి నోట దాదాపు ఒకే ఎత్తులో వస్తాయి. ఊరిని బట్టి కూడా ఎనిమిదో టోన్ ఎత్తు మారుతుంది.

కానీ మీరు మాట్లాడబోయేది వాళ్ళతో కాదు, వాళ్ళు మీతో మాండరిన్‌లోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడేస్తారు. మీ తైవానీస్ వినేది వాళ్ళ అమ్మమ్మలు. ఆ తరంవాళ్ళ నోట చప్, చిత్ ఇప్పటికీ తలుపు మూసినంత స్పష్టంగా పడతాయి. విద్యా మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ నిఘంటువులో ప్రతి మాటకూ పలుకు వినొచ్చు. రైల్లో వెళ్తుంటే మాండరిన్ ప్రకటన అయ్యాక తైవానీస్‌లోనూ ఊరి పేరు చెబుతారు. షిన్చూ వస్తున్నప్పుడు 'సిన్-తిక్' చివర ఆ క్ ఎక్కడ ఆగుతుందో వినండి, దాని తర్వాత ఏ అచ్చూ రాదు.